మా సెంటరు పాసైందా, మేడం?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పసిపిల్లల వికాసం మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులకు, వారి విద్యార్థులకు, అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే అధికారులకు,

నమస్కారం.

ముప్పయ్యేళ్లకు పైగా, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకంలో పనిచేసి రిటైరైనదాన్ని. మొదట అంగన్‌వాడీ కార్యకర్తగా, తర్వాత సూపర్‌వైజర్‌గా చేశాను. పెద్ద చదువులు చదివినవాళ్లకు చెప్పేంత అర్హత నాకెక్కడిదని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది కాబట్టే ఇన్నేళ్లు రాయలేదు.

కొన్నేళ్ల కిందట పుత్తూరు వైపు నా సెక్టారులోని, అంటే నేను పర్యవేక్షించే అంగన్‌వాడీల్లోని, ఒక సెంటరుకు ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ అనవసరం. చేతిలో ఫైలు, సంచిలో పది ఎర్రటి చెక్క దిమ్మెలు. నాలుగేళ్ల పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి గోపురం కట్టమంది. పాప గోపురం కట్టలేదు. ముందు ఒక దిమ్మె పెట్టింది. దాని పక్కన రెండు దిమ్మెల ఎత్తు, ఆ పక్కన మూడు, ఆ పక్కన నాలుగు. పది దిమ్మెలూ సరిగ్గా సరిపోయాయి. తర్వాత కిటికీలో ఆరబోసిన చింతగింజల్లోంచి ఒకటి తెచ్చి, "గోవిందా, గోవిందా" అంటూ మెట్టు మెట్టుకూ ఎక్కించింది. అంతకు ముందు వారమే ఆ పాప అమ్మమ్మతో అలిపిరి నుంచి నడిచి కొండకు వెళ్లొచ్చింది. మూడున్నర వేల మెట్లూ మనవరాలే ఎక్కిందని అమ్మమ్మ ఊరంతా చెప్పుకుంది. సగం దూరం చంకలోనే వెళ్లిందని మాకు తెలుసు.

విద్యార్థిని ఫైలు చూసుకుంది. గోపురం కట్టలేదు కాబట్టి ఆ గడిలో సున్నా వేసింది.

ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. ఆమెకు ఇచ్చిన కొలబద్ద అది. కాని గోపురం కంటే మెట్లు కట్టడం కష్టం. వరుస వరుసకూ ఒక్కొక్క దిమ్మె పెంచుకుంటూ పోవాలి, ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆ పాప చేసినదాంట్లో లెక్క ఉంది, జ్ఞాపకం ఉంది, కథ ఉంది. ఆ మూడింటికీ ఫైలులో గడులు లేవు.

సాయంత్రం పిల్లలు వెళ్లాక టీచరమ్మ నన్ను అడిగింది: "మా సెంటరు పాసైందా, మేడం?" కనుక్కుని చెబుతానన్నాను. ఆ సిద్ధాంత గ్రంథం ఏ బీరువాలో చేరిందో, అందులో మా సెంటరు గురించి ఏం రాశారో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ టీచరమ్మ కూడా రిటైరైపోయింది.

మీతో నా పేచీ అంతా ఇదే. పరిశోధన మా దగ్గర మొదలై ఎక్కడికో వెళ్లిపోతుంది. శిక్షణ ఎక్కడో మొదలై మా దగ్గరికి వస్తుంది. దారిలో ఈ రెండూ ఎదురుపడినా పలకరించుకోవు.

ఇంత చదువు ఉన్న ప్రాంతం మరొకటి చూపించండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం, కార్వేటినగరంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్ ఉన్నాయి. ఐఐటీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ కూడా తిరుపతి పక్కకే వచ్చి చేరాయి. వీటిలో ఏదో ఒక సంస్థకు బస్సు దూరంలో లేని అంగన్‌వాడీ ఈ రెండు జిల్లాల్లో ఎక్కడో కాని ఉండదు. బస్సు దిగి లోపలికి రావడమే ఉంది.

ఆంగన్ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అనే మాట ఎలా పుట్టిందో మీకు నేను చెప్పాలా? అయినా చెబుతాను, ఎందుకంటే శిక్షణల్లో దాన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. శిశువిద్య కోసం పనిచేసిన తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని బోర్డీలోనూ తర్వాత కోస్‌బాడ్‌లోనూ పనిచేస్తున్నప్పుడు, కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు బడికి రాలేదు. అప్పుడు బడినే ఇళ్ల ముంగిళ్లలోకి తీసుకువెళ్లారు. గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి, అక్కడ ఏవి దొరికితే అవే బోధన సామగ్రి. వాళ్లు చేసింది పరిశోధనా, శిక్షణా, సేవా అని ఎవరైనా విడదీసి చెప్పగలరా? 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైనప్పుడు ఆ ముంగిలి మన సెంటర్లకు పేరైంది. పేరు మిగిలింది, ముంగిట్లో కూర్చుని చూసే అలవాటు మిగలలేదు.

ఇక శిక్షణ సంగతి. నేను చూసిన శిక్షణల్లో ఒకటి నా కళ్ల ముందు నుంచి పోదు. పెద్ద హాలు, వంద మంది దాకా టీచర్లు, తెర మీద బొమ్మలు. అంశం శిశు మనస్తత్వం. వచ్చినవాళ్లలో ఒకామె తన పది నెలల బిడ్డను వెంట తెచ్చుకుంది, ఇంట్లో చూసే దిక్కు లేక. బిడ్డ ఏడుపు అందుకుంది. మాట్లాడుతున్న పెద్దమనిషి చిరాకుపడి, "ఆ పిల్లను కాస్త బయటికి తీసుకెళ్లండమ్మా, ఇక్కడ క్లాసు జరుగుతోంది" అన్నారు. శిశువు బయటికి వెళ్లింది. శిశు మనస్తత్వం లోపల కొనసాగింది. మధ్యాహ్నం ఆటల ద్వారా బోధన మీద రెండు గంటల ఉపన్యాసం. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

అప్పటికీ ఇప్పటికీ కాగితాల మీద చాలా మారింది, కాదనను. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. ఇంటర్, ఆపైన చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అని రాసింది. అదంతా ఫోను ద్వారా, టీవీ ద్వారా, నెలకు కనీసం ఒక్కసారి ముఖాముఖి తరగతితో. 2023లో కేంద్ర ప్రభుత్వం "పోషణతో పాటు చదువు కూడా" అంటూ కార్యకర్తలకు మూడు రోజుల శిక్షణ మొదలుపెట్టింది. రోజుకు కనీసం రెండు గంటలు పిల్లలకు ప్రీస్కూలు నడపాలంది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల వారికి ఆధారశిల అనే పాఠ్య ప్రణాళిక వచ్చింది. అది చదివాను, బాగుంది. ఆట ముందు, అక్షరం తర్వాత అంటుంది.

ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు, ఎవరూ అడగకపోయినా ఒక టీచరమ్మ రోజును గడియారం పెట్టుకుని రాశాను. తాళం తీయడం, ఊడ్పించడం, రాని పిల్లల ఇళ్లకు వెళ్లి పిలుచుకు రావడం, పాలు, హాజరు ఫోనులో ఎక్కించడం, సిగ్నల్ లేక మళ్లీ ఎక్కించడం, బాలింతకు సరుకులు, వంట దగ్గర ఆయాకు సాయం, గుడ్లు లెక్కపెట్టడం, భోజనాలు, పడుకోబెట్టడం, ఏదో సర్వే, ఏదో మీటింగుకు జనాన్ని పిలవడం. ఆ రోజు పిల్లలతో నిజంగా కూర్చున్నది 25 నిమిషాలు. అది సోమరి టీచరు రోజు కాదు. నా సెక్టారులో అందరికంటే మంచి టీచరు రోజు.

నగరి దాటితే తమిళనాడు. అక్కడి ప్రభుత్వంతో కలిసి పరిశోధకులు 320 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, చీటీలు వేసినట్టు ఎంపిక చేసిన సగం కేంద్రాల్లో ప్రీస్కూలు కోసమే ఒక పూట పనిచేసే మరో మనిషిని పెట్టారు. ప్రీస్కూలు బోధన సమయం రెట్టింపైంది. పిల్లల లెక్కలు, భాష మెరుగయ్యాయి. ఇంకో సంగతి నాకు ఆశ్చర్యం కలిగించలేదు కాని, మీలో కొందరికి కలిగించి ఉండవచ్చు. ఆ కేంద్రాల్లో పోషకాహార లోపం కూడా తగ్గింది. చదువు చెప్పే మనిషి వేరే వచ్చేసరికి పాత టీచరుకు బరువు చూడటానికి, తల్లులతో మాట్లాడటానికి తీరిక దొరికింది. ఈ ఫలితాలు పెద్ద ఆర్థికశాస్త్ర పత్రికలో వచ్చాయి, మీరు చదివే ఉంటారు. మా సెక్టారు మీటింగులో మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తగా నేను వినలేదు. టీచరుకు నైపుణ్యం లేదని శిక్షణ మీద శిక్షణ పెడుతున్నాం. ఉన్న నైపుణ్యం వాడుకునే గంట ఆమెకు ఎవరిస్తారు? మీరు అధ్యయనం చేయాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇదే.

మరొకటి, లెక్క. కాన్వెంటులో చేర్చిన పిల్లవాడు యాభై దాకా గడగడ చెబుతాడు. తల్లి మురిసిపోతుంది. వాడి ముందు గింజలు పోసి "ఆరు ఇవ్వు నాన్నా" అంటే గుప్పెడు తీసి ఇస్తాడు. వల్లించడం వేరు, లెక్కించడం వేరు. ఒక అంకెకు ఒక గింజ, చివరి అంకె మొత్తానికి పేరు అన్నది వేలికి తెలియాలి. నా సెక్టారులో ఒక టీచరమ్మ, పదో తరగతి తప్పిన మనిషి, దీన్ని వామనగుంటలతో నేర్పింది. గుంటకు నాలుగు గింజలు. ఎక్కువ పడ్డాయో తక్కువ పడ్డాయో పిల్లలే తగాదా పడి తేల్చుకునేవారు. ఆ తగాదానే పాఠం. ఒక బాబు ఖాళీ గుంటను చూపించి "ఇక్కడ ఏమీ లేనివి ఉన్నాయి" అన్నాడు. సున్నాను అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆ మాట నా నోటు పుస్తకంలో తారీఖుతో సహా ఉంది. ఆ టీచరమ్మను ఏ శిక్షణలోనూ ఎవరూ ముందుకు పిలిచి "చూపించమ్మా" అనలేదు. ఆమె వెనక వరుసలో కూర్చుని, మాస్టర్ ట్రైనరు చెప్పింది రాసుకుని, ఇంటికి వెళ్లి వామనగుంటలే ఆడించింది.

మన దేశంలో పద్నాలుగు వేల మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంటాడిన అధ్యయనం ఒకటి జరిగింది. రాజస్థాన్, అస్సాంతో పాటు, మొదలైనప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భాగమైన తెలంగాణలో 2011 నుంచి 2016 వరకు సాగింది. ఐదేళ్లు నిండేసరికి చాలామంది బడికి సిద్ధంగా లేరని, అంగన్‌వాడీ నుంచి ప్రైవేటుకు, అక్కడి నుంచి బడికి, మళ్లీ వెనక్కి తిరుగుతూనే ఉంటారని, ఆటతో నడిచిన చోట మేలు కనబడిందని అది చెప్పింది. మా టీచర్లకు ఇది కొత్త కాదు. హాజరు పట్టీ చూస్తే తెలిసేదే. కాని అలాంటి పని మన మండలాల్లో జరిగి ఉంటే మామిడి కాలం కూడా అందులోకి వచ్చేది. జూన్, జూలైల్లో గుజ్జు ఫ్యాక్టరీలు నడుస్తుంటే తల్లులు పొద్దున్నే పనికి పోతారు, మూడేళ్లవాణ్ణి ఎనిమిదేళ్ల అక్క చంకనేసుకుని తెస్తుంది. ఆ నెలల్లో నా సెంటర్లలో ప్రీస్కూలు పిల్లల కంటే వాళ్ల అక్కలే ఎక్కువ కనబడేవారు, బడి మానేసి.

భాష గురించి రాయకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్లు, కుప్పంలో తమిళం, కన్నడం, తెలుగు కలిసిన వీధులు, పలమనేరులో, చిత్తూరులో ఉర్దూ ఇళ్లు, యానాది కాలనీల్లో వాళ్లదైన తెలుగు. కుటుంబ భాషలో చదువు మొదలుపెట్టమని విధానపత్రాలన్నీ అంటాయి. సెంటరులో చార్టులన్నీ ఒకే భాషలో, ఈ మధ్య రెండు భాషల్లో, రెండోది ఇంగ్లీషు. నగరి దగ్గర ఒక సెంటరులో ఒక బాబు ఆరు నెలలు నోరు విప్పలేదు. "మాటలు రాలేదు, పెద్దాసుపత్రిలో చూపించాలి" అని రికార్డులో రాశారు. ఆ రాసినదాని కింద సంతకం నాదే. ఒకనాడు ముందుగా చెప్పకుండా వెళ్లాను. వంటింట్లో ఆయా ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ బాబు ఆమె ఒళ్లో కూర్చుని తమిళంలో వాళ్ల మేక ఈనిన కథంతా చెబుతున్నాడు. ఆయాను అడిగితే, "వాడికేం మేడం, వాగుడుకాయ" అంది. మరి టీచరుకు ఎందుకు చెప్పలేదంటే, "నన్నెవరు అడిగారు?" అంది. పరిశోధకులారా, మీ ప్రశ్నావళిలో ఆయాకు ఒక్క ప్రశ్నైనా ఉందా? శిక్షకులారా, వంట, శుభ్రత తప్ప ఆయాకు మీరు ఏమైనా నేర్పారా, ఆమె దగ్గర ఏమైనా నేర్చుకున్నారా?

ఇక్కడ కొంచెం పక్కకు వెళతాను. తిరుపతిలో ప్రతి ఏడాదీ మే నెలలో గంగజాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొకటి. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని వీధుల్లో తిరుగుతారు, ఎవరూ నవ్వరు, దండం పెడతారు. ఇంకొకరిలా ఉండి చూడటం ఎంత గంభీరమైన పనో ఈ ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. అదే ఊళ్లో నాలుగేళ్ల పిల్ల ఆయా కొంగు కట్టుకుని డాక్టరమ్మ ఆట ఆడుతుంటే, "వేషాలు చాలు, పలక తియ్" అంటారు. నటన ఆట మీద విదేశీ సిద్ధాంతాలు ఎన్ని ఉటంకించినా మా టీచర్లకు ఎక్కలేదు. నేను ఒక మీటింగులో జాతరతో పోల్చి చెబితే వెంటనే ఎక్కింది. ఆ వారం మూడు సెంటర్లలో వేషాల మూల పెట్టారు, పాత తువ్వాళ్లతో.

మూడేళ్ల లోపు పిల్లల గురించి రాయాలంటే మరో ఉత్తరం కావాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు షిఫ్టు బస్సెక్కే తల్లుల ఊళ్లకు వెళ్లి ఒక్క రోజు చూడండి చాలు.

మీరు ఏం చేయాలని అడుగుతారేమో. మా పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునేలా కార్డులు తయారు చేశారు. ఆ పద్ధతి తర్వాత తమిళనాడు బడులకు వెళ్లింది, ఇంకా దూరాలకు వెళ్లింది. పల్లెలో కూర్చుని చేసింది కాబట్టే వెళ్లింది. మీ విభాగాలు ఒక్కొక్కటీ పది సెంటర్లను దగ్గరికి తీసుకోండి. పీహెచ్‌డీకి సరిపడా కాలం కాదు, ఇప్పుడు మూడేళ్లున్న పిల్లలు మూడో తరగతికి వచ్చే వరకు. విద్యార్థులు మారనివ్వండి, సెంటర్లు మార్చకండి. శిక్షణను ఆ సెంటర్లలోనే, పిల్లలు ఉన్న వేళలోనే పెట్టండి. ఒక టీచరు ఆడిస్తుంటే ఐదుగురు గోడకు ఆనుకుని చూసి, పిల్లలు పడుకున్నాక మాట్లాడుకుంటే మూడు రోజుల హాలు కంటే మేలు. శిక్షణ ఇచ్చేవారు ముందు ఒక వారం సెంటరు నడపాలి, తాళం తీయడం నుంచి ఫోనులో హాజరు దాకా. మీరు రాసినదాన్ని నెల లోపల తెలుగులో, ఐదు పేజీల్లో సెక్టారు మీటింగులో చదివి వినిపించండి. వామనగుంటల టీచరమ్మ ఆలోచన మీ పత్రంలో ఉంటే ఆమె పేరు కూడా రచయితల్లో ఉండాలి. ఆమె ఒప్పుకుంటేనే.

ఒక విన్నపం కాస్త కటువుగానే చేస్తాను. "కార్యకర్తల్లో ప్రేరణ లోపం" అనే మాట సిద్ధాంత గ్రంథాల్లో చాలాసార్లు చదివాను. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా వాళ్లు 42 రోజులు సమ్మె చేసింది 11,500 రూపాయల గౌరవ వేతనం చాలక. జీతాలు మీ చేతిలో లేవు, తెలుసు. ఆ మాట రాయకుండా ఉండటం మాత్రం మీ చేతిలోనే ఉంది.

నా దగ్గర 14 నోటు పుస్తకాలున్నాయి. రిజిస్టర్లలో గడి లేనివన్నీ వాటిలో రాసుకున్నాను. పిల్లల మాటలు, తగాదాలు, టీచర్ల ఉపాయాలు, నా పొరపాట్లు. కావాలన్నవారికి ఇస్తాను, చదివి తిరిగి ఇవ్వాలి. సెంటర్లకు వెళ్లాలనుకుంటే పిల్లల బరువు చూసే తూకం రోజు వద్దు, సరుకులు దిగే రోజు అసలే వద్దు. పిల్లలు పాలు తాగి కూర్చునే వేళకు వెళ్లండి, మొదటి రోజు ఫైలు సంచిలోనే ఉంచండి.

మెట్లు కట్టిన పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న బజారులో కనబడితే దిమ్మెల సంగతి అడిగాను. గుర్తులేదట. తన టీచరమ్మ ఎలా ఉందని అడిగింది.

ఇట్లు,
ఒక మాజీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్,
పుత్తూరు